నవ్వించే మనిషి

మధ్యాహ్నం అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుని కుడుతూ ఉండగా చెల్లెలు బట్టల సంచితో లోపలికి వచ్చింది.

“మళ్ళీ మొగుడితో పోట్లాటా?”

“పోట్లాడాలంటే ఎదుటిమనిషికీ కోపం రావాలి కదక్కా! ఆయనకి అన్నీ నవ్వులాటే.”

“ఆ నవ్వులకేగా పడిపోయావు? ‘ఆయనుంటే ఆ సందడే వేరు’ అని నాన్నతో వాదించింది నువ్వు కాదూ?”

“నేనే. నిన్న ఆయన స్నేహితులు ఇంటికొచ్చారు. నాకు కడుపు పోయిన రోజు ఆసుపత్రిలో ఎలా ఏడ్చానో వాళ్ళకి చేసి చూపించాడు. అంతా పగలబడి నవ్వారు.”

మిషన్ ఆగిపోయింది.

“నువ్వు ఊరుకున్నావా?”

“ఆపమన్నాను. ‘సరదాకి చేస్తే ఉడుక్కుంటావేం’ అని మళ్ళీ మొదట్నుంచీ చేశాడు.”

“వాడి నోరు పడ! అదుగో, నీ ఫోను. వాడేనా? ఇలా తే, కడిగిపారేస్తాను.”

“వద్దక్కా. ఏదో ఒకటి అంటాడు, నీకూ నవ్వొచ్చేస్తుంది. ఇన్నేళ్ళూ నేను మండిపడుతూ మొదలుపెట్టడం, పకపకా నవ్వేసి ఊరుకోవడం, ఇదే కదా మా కాపురం!”

“మరేం చేద్దామే?”

“మోగనీ. ఈసారి నా కోపాన్ని ఆయన చేతికివ్వను.”