ఆబిడ్స్‌ల మెడ తిప్పని నడక

“అత్తమ్మా, రేపు పెండ్లి చీరెలు కొనేటప్పుడు నన్నే ముందల నడవమంటున్నది ప్రమీల అత్త. ఆ నడక జర నేర్పిస్తరా?”

నడకనా? కూసో రూతూ. ఆ చిక్కుడుకాయలు ఇటియ్యి, చేతులు ఊకుంటే నాకు మాటలు రావు. మీ మామ పడుకున్నడా? లేదులే, కండ్లు మూసుకొని వింటున్నడు. విననియ్యి, వాళ్ల అమ్మ ముచ్చటనే.

మా అత్త, అంటే నీ మొగుని నాయనమ్మ, బంగారం అంత బిడ్డకు, అదే ప్రమీలకు, ఇచ్చింది. ఇల్లు పెద్దకొడుక్కు ఇచ్చింది. నాకు నడక ఇచ్చింది.

నవ్వకు. అప్పట్ల మన సికింద్రాబాద్‌ల చుట్టాలిండ్ల పెండ్లి కుదిరితే, పాస్టరు గారి కంటే ముందు మా అత్తకు చెప్పేటోళ్లు. పెండ్లిపిల్లకు తెల్ల పట్టుచీరె కొనాలె గదా. అందరం బస్సెక్కి ఆబిడ్స్‌కు పోవుడు. మా అత్త చీరె అంచు రెండు వేళ్లతోని పట్టుకొని చూసేది, బల్లిని పట్టుకున్నట్టు. ధర అడిగేది. మూతి తిప్పి లేసి బయటికి నడిచేది. మేమంత దుకాణంలనే కూసొని చాయ్ తాగేటోళ్లం, దుకాణపాయన ఇచ్చిన చాయే. ఆయన ఆమె వెనక ఉరికేటోడు. “రండమ్మా, మీ మాటే కానియ్యండి” అని. ఒకసారైతే ఒక లావుపాటి సేటు గన్‌ఫౌండ్రీ దాకా ఉరికొచ్చి, బ్యాంకు మెట్ల మీద కూలబడి రొప్పుతుంటే, మా అత్తనే సోడా తాపిచ్చింది. సోడా అప్పుడు పావలా. కాదు, పావలా అంతకు ముందు... ఎంతో ఒకటి. ఆ సోడా పైసలు కూడ చీరె ధరల తగ్గించుకున్నది, మహాతల్లి.

నా పెండ్లయిన కొత్తల నన్ను వాకిట్ల నడిపిచ్చేది. నేను మెదక్ దిక్కు పల్లెల పుట్టినదాన్ని, పొలం గట్ల మీద గబగబ నడుసుడే వచ్చు. “గట్ల కాదు, అన్నం తిన్నోళ్ల లెక్క నడువు” అనేది. గడప కాడ ఆగి చెప్పు సర్దుకోవాలె. అక్కడనే పిలుస్తరు చానామంది. పిలవకుంటే మెట్లు దిగాలె. దిగినంక మాత్రం పిలిచేదాకా మెడ తిప్పొద్దు. మెడ తిప్పితే ఇంటి పేరు పోయినట్టే.

ఆమె ప్రభువు దగ్గరికి పోయినంక నన్ను ముందల పెట్టిన్రు. పెద్ద కోడల్ని గదా. నీకిష్టమా అని ఎవ్వరు అడగలే. నన్ను నేను కూడ అడుక్కోలే. దుకాణం మెట్లెక్కుతుంటే ఆమె ఫోటోల నుంచి చూస్తున్నట్టే ఉండేది. ఫోటోల కూడ ఆమె కొంచెం పక్కకు నడుస్తున్నట్టే ఉంటది, చూడు.

ఇగ జ్యోతి పెండ్లి. ప్రమీల బిడ్డ జ్యోతి, నువ్వు రాక ముందు ముచ్చట. ఆబిడ్స్‌ల కొత్తగ ఒక పెద్ద దుకాణం పెట్టిన్రు, పేరెందుకు. ఏసీ, దానంతటది తెరుసుకునే అద్దాల తలుపు. తెల్ల చీరెలు ఎన్ని ఉన్నయో, అన్నీ ఒక్కతీరే, ప్రమీలకు మాత్రం ఒక్కోటి ఒక్కో తెలుపు. ఒకటి మల్లెపూవంట, ఒకటి పాలంట, ఒకటి ఉడికిన గుడ్డంట. గుడ్డు తెలుపు ఖాయం చేసింది. జ్యోతి ఒక మూల కూసొని ఉన్నది. పెండ్లిపిల్ల గదా, ఆమెతోని పనేముంది.

ధర అడిగిన. కౌంటర్ ఆయన “కంప్యూటర్‌ల గట్లనే ఉన్నదమ్మా” అన్నడు. తగ్గదా అన్న. కంప్యూటర్ తగ్గదంట. మూతి తిప్పి లేసిన. గడప కాడికి వచ్చి చెప్పు సర్దుకుంటున్న. గా తలుపు తెరుసుకుంటది, మూసుకుంటది, మళ్ల తెరుసుకుంటది. ఎంతసేపని సర్దుకుంట? కావలాయన సలాం కొట్టి “మళ్లీ రండమ్మా” అన్నడు. దిగిన.

ఎవ్వరు పిలుస్తలేరు.

నడిచిన. మెడ తిప్పొద్దు గదా. వెనక నుంచి ఎవరో ఉరుకుతున్న చప్పుడైతే, వచ్చిండులే అని జర మెల్లగైన. ఆయన నన్ను దాటుకొని ఉరికి అఫ్జల్‌గంజ్ బస్సెక్కిండు. అప్పుడు ఫోన్ మోగింది. ప్రమీల.

“వదినా, ఏడున్నరు?”

పోస్టాఫీసు దాటిన అని చెప్పిన. కౌంటర్ ఆయన ఇంకా తగ్గుతలేడంట. ఇంకా జర ముందుకు పోండ్రి అన్నది.

పోయిన. మళ్ల ఫోన్. నాంపల్లి వచ్చిన అని చెప్తే ప్రమీల కౌంటర్ ఆయనకు గట్టిగ చెప్పుడు నాకు వినబడుతున్నది, మా వదిన నాంపల్లి దాకా పోయింది, చూసుకో అని. ఆయన “మంచిదమ్మా” అన్నడంట. అందరికి కూల్‌డ్రింకులు ఇచ్చిండంట. అయితే మీరు స్టేషన్‌లకు పోండ్రి వదినా, రైలెక్కుతదేమో అని బెదిరిస్త అన్నది. చదువుకున్న మనిషి, బిడ్డా. స్కూల్ల లెక్కలు చెప్పి రిటైరైంది.

నేనేమన్న తక్కువనా? ప్లాట్‌ఫారం టికెట్ కొని లోపలికి పోయిన.

ఒక బల్ల మీద కూసున్న. పక్కన నా ఈడు ఆమె, కనకాంబరం రంగు నూలు చీరె కట్టుకొని, తీరుబడిగ పల్లీలు తింటున్నది. ఏడికి పోతున్నరమ్మా అని అడిగింది. ఏడికీ లేదు అన్న. ఆమె తన సంచిని జర దగ్గరికి జరుపుకున్నది. మంచిదే, నేనైనా అట్లనే చేస్త. అయినా నాలుగు పల్లీలు చేతిల పెట్టింది.

చీరె ఎంతకు పడ్డదని అడగబోయిన. నోట్లకు వచ్చింది మాట. అడగకుండ ఊకె చూసిన. ఎంత మంచిగున్నదో రూతూ. అప్పుడు నా చీరె దిక్కు చూసుకున్న. మట్టి రంగు. ఇంట్ల ఉన్నయి గుర్తు చేసుకున్న. బూడిద రంగు, ఇటిక రంగు, ఇంకో మట్టి రంగు. ఎవ్వరు కొనక మిగిలినయే గదా, తగ్గిచ్చి ఇచ్చేటియి. ముసలిదాన్నయిన, నాకు ఏ రంగు ఇష్టమో నాకు తెల్వదు. దుకాణాల పుట్టిపెరిగినట్టే తిరిగిన, ఒక్క చీరెను కూడ చీరె లెక్క చూడలే. రైళ్లు వస్తున్నయి, పోతున్నయి, నేను కూసొని రంగులు ఆలోచిస్తున్న. ఆకుపచ్చనా? కాదు. నీలమా? అది మీ మామకు ఇష్టం. ఆమె పల్లీలు అయిపోయేటాళ్లకు తెలిసింది, కనకాంబరమే. అంత ఫికర్ చేస్తే వచ్చింది కండ్ల ముందల ఉన్నదే.

ఫోన్ మోగింది. వదినా, రైలెక్కిన్రా?

“లేదు ప్రమీల. నేను ధర కోసం నడుస్తలేను ఇగ. చీరె పిల్లకు నచ్చితే చెప్పినంత ఇచ్చి తీసుకోండ్రి. నాకు ఈ పని చాతకాదు, ఎన్నడు చాతకాలే.”

ప్రమీల ఏడ్చింది. చెప్పిన ధరకు కొన్న చీరె కట్టుకుంటే కాపురం నిలవదంట, వాళ్ల అమ్మ ఆత్మ శాంతించదంట. మీ అమ్మ యేసయ్యతోని కూడ బేరం ఆడుతుండొచ్చు, మనకెందుకు ఫికర్ అన్న. అట్ల అనొద్దుండె, అన్న. అప్పుడు జ్యోతి ఫోన్ గుంజుకున్నది.

“అత్తా, నాకు మొదటి నుంచే ఈ చీరె నచ్చలేదు. ఎవరన్న అడిగితే చెప్దామని కూసున్న.”

అని లేసి బయటికి పోయింది, తర్వాత ప్రమీలనే చెప్పింది నాకు. చెప్పు గిప్పు సర్దుకోలే, తలుపు సరిగ్గ తెరుసుకోక ముందే పక్కకు తిరిగి దూరి పోయింది. అప్పుడు కౌంటర్ ఆయన ఉరికొచ్చిండు, బిడ్డా. “అమ్మా, రండమ్మా, కంప్యూటర్‌ల ఇంకో బటన్ ఉన్నది” అని. పిల్ల మెడ తిప్పలే. తిప్పొద్దని ఆమెకు ఎవ్వరు నేర్పలే, నచ్చలే గనుక తిప్పలే. గల్లీల చిన్న దుకాణంల గులాబీ అంచు చీరె చూసింది, చెప్పినంత ఇచ్చింది. చర్చిల మస్తుమంది గుసగుసలు. కాపురమా? బానే ఉన్నది. పిల్లగాడు జర లావైండు, అది చీరె తప్పు కాదు.

అట్ల నా నడక ఆబిడ్స్‌ల మొదలై నాంపల్లిల అయిపోయింది. నీకు నేర్పిచ్చేటందుకు నా దగ్గర ఏం మిగల్లే.

నువ్వు పెద్ద కోడలివి, రేపు నువ్వే ముందల అంటది ప్రమీల. అననియ్యి. నువ్వు పోతవో పోవో నీ ఇష్టం. పోతే చీరె దిక్కు చూడు. అవును గానీ, నీకు ఏ రంగు ఇష్టం?

తెల్వదా?

మంచిది, గాభరా పడకు. జర కూసో, ఆలోచించు. నాకు పట్టినంత కాలం నీకు పట్టొద్దు తల్లీ, దేవుడు నిన్ను సల్లగ చూడాలె... ఆ ఫోన్ ప్రమీలదే. మోగనియ్యి.