నేర్పడానికి ఆ పాత విమానమే ఉండాలి

అధ్యక్షులు డ్వైట్ హార్మ్స్ గారికీ, ముందు వరుసలోని పెద్దలకూ, పొద్దున్నుంచి రొట్టెలు కాల్చి అలసిపోయిన అక్కచెల్లెళ్లకూ, గోధుమ కోతలు ఆపుకుని వచ్చిన మిత్రులకూ ఈ లొరీనా ఉన్రూ నమస్కారాలు.

నాకు వీడ్కోలు చెబుతూ డ్వైట్ గారు నన్ను చాలా పొగిడారు. ఈ క్లబ్బులో ముప్పయ్యేళ్లు విమానం నడపడం నేర్పానన్నారు, ఓర్పుకు మారుపేరన్నారు. అదే నోటితో, ఆ రెండు సీట్ల పాత విమానాన్ని అమ్మేసి, ఇకనుంచి కొత్తగా చేరేవాళ్లందరికీ కంప్యూటర్ తెరలున్న కొత్తదాంట్లోనే నేర్పాలని భోజనాలవగానే ఓటు పెడతామన్నారు. (నవ్వులు) నవ్వకండి. నా ఓర్పు అక్కడితో సరి.

కొత్తది చెడ్డదని నేననను. దూరాలు పోవడానికి దివ్యంగా ఉంటుంది, సీట్లు మా ఇంటి సోఫా కన్నా మెత్తన. కానీ కొత్తవాళ్లు ఏం చెయ్యాలా అని ఆలోచించేలోపు అది ఇంకో పొలం దాటేస్తుంది.

స్కూలు బస్సు నడిపే మన విల్మా కోయెన్ సంగతే చూడండి. అదిగో, తలుపు దగ్గర దాక్కుంది. ముందుకు రావమ్మా విల్మా! కొత్త విమానం కొన్న రోజుల్లో ఈమె నేర్చుకుంటానని వస్తే, కమిటీవాళ్లు దాన్నే ఎక్కించారు. ఈమె చూపంతా ఆ తెరల మీదే. నేల దగ్గరపడటం చూడనే లేదు. చక్రాలు దబ్బున తగిలి విమానం ఎగిరెగిరి పడింది. దిగి, రెక్క కింద నిలబడి ఏడ్చింది. అప్పుడు డ్వైట్ గారేమన్నారో ఆయనకు గుర్తుందో లేదో, నాకుంది: "నీకెందుకొచ్చిన గోల విల్మా, హాయిగా బస్సు తోలుకో."

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను.

"నా వల్ల కాదు లొరీనా, నాది మట్టిబుర్ర," అంది.

"మట్టి నీ బుర్రలో లేదే, కమిటీ బుర్రలో ఉంది. లే, పద!"

పాతదాంట్లో కూర్చోబెట్టాను. అందులో చూడ్డానికి నాలుగు డయళ్ల ముళ్లే, ఇక బయటికి చూడక ఏం చేస్తుంది? అది నెమ్మదిగా పోతుంది కాబట్టి తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి ఉంటుంది. పాడైతే మన షెడ్డులోనే బాగవుతుంది, కాబట్టి బాగై వచ్చేదాకా వారాల తరబడి, నేర్చుకున్నది మరిచిపోతూ కూర్చోనక్కర్లేదు. మొదటి విమానం ఎంచేటప్పుడు చూడాల్సింది ఇదీ, షోకు కాదు!

ఆ ఏడు కోతలకు ముందే విల్మా ఒంటరిగా ఎగిరి, ఈక వాలినట్టు దించింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "లొరీనా, ఇంకోసారి వెళ్లనా?" అంది. నేను షెడ్డు వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడామె నేర్పే లైసెన్సు కూడా తెచ్చుకుంది. రేపటినుంచి నా పని ఆమెది. ఆమె చేతిలోంచి ఆ విమానం లాక్కుంటామంటే నేనొప్పుకోను. మర్యాద అనుకున్నా సరే, పొగరు అనుకున్నా సరే.

మొట్టమొదట ఒంటరిగా ఆ పాతదాంట్లోనే ఎగిరినవాళ్లు దయచేసి లేచి నిలబడండి. (కుర్చీల చప్పుడు) అబ్బో, ఇంతమందా! డ్వైట్ గారూ, మొహమాటమెందుకు, మీకు నేర్పిందీ నేనే. లేవండి! (పెద్దగా నవ్వులు, చప్పట్లు)

మీ అభిమానానికీ, ఈ అందమైన గోడ గడియారానికీ కృతజ్ఞతలు. నేను కూర్చుంటున్నాను. మీరు మాత్రం ఓటు తేలేదాకా కూర్చోకండి. సెలవు.