చౌడమ్మ నేయించిన ఎలచ్చన్ల కండువాలు

చౌడమ్మని, మా నేతోళ్ళ వీధిలోనే ఉండేది. మొగుడు రంగప్ప నోట్లో మాట లేనోడు, ఆయమ్మ మాత్రం మాటకు మాట. ఏమైందంటే, ఆ ఏడు దేశమంతా మాంద్యం అంట, పట్నంలో షావుకార్లు గుడ్డ కొనేదే మానేసినారు. వీధిలో అరవై మగ్గాలుంటే అరవైటికీ బూజు పట్టింది. పొద్దున గంజి తాగితే మాపటికి లేదనుకో. అట్లాంటప్పుడు పైన గవర్నమెంటు పడిపోయి, నడిమధ్యలో అసెంబ్లీ ఎలచ్చన్లు వచ్చి పడినాయి చూడు! గంగిరెడ్డని ఒకాయన నిలబడినాడు. జీపు దిగి, కనపడినోళ్ళందరి మెడలో కండువా వేసి దండం పెడతా వస్తాండాడంట. చౌడమ్మ ఆ కండువా అంచు నలిపి చూసి, "రెడ్డీ, ఇది మిల్లు గుడ్డ గదా నాయనా! నేసేటోళ్ళు పస్తులుండే వీధిలో మిల్లు గుడ్డ కప్పేదానికి వచ్చినావా?" అనింది. జనం గొల్లుమన్నారు. రెడ్డికి తల కొట్టేసినట్టయి, సరే, రెండు వేల కండువాలు మీరే నేయండి, నూలు నేను పంపిస్తా అన్నాడంట. పంపించినాడు కూడా, లేనిది చెప్పకూడదు.

మగ్గాలు ఆడినాయి. ఆ సంగతి తెలిసి ఎదురు పార్టీ శేషన్న పరిగెత్తుకుంటా వచ్చినాడు, మాకూ నేసిస్తారా అని. ఎందుకు నెయ్యం నాయనా, నూలు తెప్పించు అనేసింది చౌడమ్మ. ఇంకేముంది, రెడ్డి మనిషి ఓబులేసు ఊగిపోతా వచ్చి, వాళ్ళ పని మానకుంటే మా నూలు వెనక్కి తీసకపోతాం అన్నాడు. రంగప్పేమో, మానేద్దాంలేమే అంటాడు. ఈమె వింటేనా? ఇంట్లోంచి కత్తి తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టింది. "ఇదిగో నాయనా, మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. నీ నూలు నీకు కావాలంటే నువ్వే కోసుకో. మా చేత్తో మేం కొయ్యలేం." వీధంతా పని నిలిపి ఆ వాకిట్లోకొచ్చి చూస్తాంది. ఓబులేసు మగ్గం దాకా పోయినాడు, పడుగు మీద చెయ్యి పెట్టినాడు... వాడూ పిల్లలు గలోడే గదా. కత్తి ఆడనే పెట్టేసి, "మా రెడ్డితో నేను చెప్పుకుంటాలే అత్తా" అని తల వంచుకోని పోయినాడంట. అత్తా అన్నాడు, విన్నారా! రెడ్డి మాత్రం ఏం చేస్తాడు, ఓట్లు దగ్గర పడినాయి, గమ్మునైపోయినాడు.

ఓటు ఎవరికేసినావే అని రంగప్ప అడిగితే, "ఇద్దరి నూలూ మంచిదే పో" అనిందంట చౌడమ్మ. ఎవరు గెల్చినారంటారా? శేషన్న. గెల్చినోడు మళ్ళా మా వీధి మొగం చూడలేదు, అది ఎప్పుడూ ఉండేదే. అయితే ఆ రెండు నెలలు ఇంటింటా రెండు పూటలా పొయ్యి వెలిగింది. అప్పుడు నేను మా యమ్మ కడుపులో ఉండా. కాన్పు చేసిన మంత్రసాని నన్ను ఎత్తుకోని, "కరువు కాలంలో ఇంత బరువేందమ్మే వీడు!" అనిందంట.