నాలుగో లెక్కకి నా దెబ్బ

"ఆ పాట వాళ్ళదా? వాళ్ళ మొహం!" డ్రమ్ముల బాబాయి టీ గ్లాసు టీ కొట్టు బల్లమీద ఠపీమని పెట్టాడు. ఎదురు హాల్లో ఆయన పాత బృందం సాయంత్రం కచేరీకి సాధన చేస్తోంది. పన్నెండేళ్ళుగా పాడని వాళ్ళ మొదటి పాట ఇవాళ మళ్ళీ పాడతారట, గోడలనిండా అదే పోస్టరు.

"నేను లేకుండా పాడతారా? గంటలో పిలుపు రాకపోతే నన్నడగండి. కొత్త చొక్కా ఊరికే వేసుకున్నానా? మొదటిసారి వాయించింది సైకిలు షాపు పైన గదిలో. విన్నది పదకొండు మంది, అందులో ఇద్దరు పంచరు పని మీద వచ్చినవాళ్ళు. పల్లవి అవగానే అందరూ గప్‌చుప్. నాలుగు లెక్కపెట్టేంతసేపు చప్పుడుండదు, నాలుగుకి నా దెబ్బ పడాలి, పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద పంచరైన టైర్లు రెండూ వాటంతటవే గాలి కొట్టుకున్నాయి!"

"నిజంగానా?" అన్నాడు టీ తాగుతున్న పక్క కొట్టు టైలరు.

"అబద్ధమైతే నా నాలుక కోసెయ్! తర్వాత పెద్ద హాలు. పందొమ్మిదిసార్లు మళ్ళీ మళ్ళీ పాడించారు. పక్కనే రైల్వే స్టేషను. ఆ దెబ్బ పడితేగానీ బండి కదిలించనని డ్రైవరు దిగొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, దాని వెనక బండ్లన్నీ ఆగిపోయాయి."

"మరి అంత మంచి పాట ఎందుకు మానేశారు బాబాయ్?" అన్నాడు టీ కొట్టాయన.

"కుళ్ళు! జనం కింద నుంచి ఆ పాటే కావాలని గొంతు చించుకుంటుంటే ఈ మహానుభావులు చెవిటోళ్ళలా నటించేవాళ్ళు. 'అది చిన్నప్పటి పాట, ఇప్పుడు పాడబుద్ధి కావట్లేదు' అనేవాడు మా గాయకశిఖామణి. గిటారువాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, తీగలు తెగితే ఏడుస్తాడు. సరే, పాట ఆపారు. మూడేళ్ళు చుక్క వాన లేదు! అధికారులొచ్చి నా కాళ్ళు పట్టుకున్నారు. జాలేసి బకెట్టు మీద ఒక్కటంటే ఒక్కటి కొట్టా. వరద!"

"అందులో నువ్వెలా బతికావు?" అన్నాడు టైలరు.

"డ్రమ్ము మీద తేలాను!"

మొదటినుంచీ ఆ బృందానికి మైకులు పెట్టే మైకు సెట్టాయన ఫ్లాస్కులో టీ పోయించుకోవడానికొచ్చి, నవ్వకుండా వింటున్నాడు. అప్పుడే హాల్లో ఆ పాట మొదలైంది. అందరూ మాట ఆపేశారు. బాబాయి రెండు చెంచాలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుతున్నాడు. పల్లవి అయింది. వీధంతా నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు...

ఠంగ్! బాబాయి చెంచాలకి గ్లాసు ఒరిగి కొత్త చొక్కా తడిసింది. ఆ తర్వాతే హాల్లోంచి అసలు దెబ్బ వినబడింది.

"ఇంకా మూడుకే కొడుతున్నావు అన్నా," అన్నాడు మైకు సెట్టాయన ఫ్లాస్కు మూత బిగిస్తూ. "అప్పట్లో ప్రతి కచేరీలోనూ ఇంతే. నీ మొహం మీద చెప్పడానికి నోరు రాక, ప్రాణం లాంటి పాటనే మానుకున్నారు వాళ్ళు. పోయినేడు నువ్వే అలిగి వెళ్ళిపోయాక గానీ దాన్ని ముట్టుకోలేదు. పిలుపు రాదు, ఇంటికెళ్ళి చొక్కా మార్చుకో."

బాబాయి చెంచాలు మళ్ళీ పైకెత్తి, కొట్టకుండా అలాగే పట్టుకున్నాడు. టీ కొట్టాయన వేళ్ళు మడుస్తూ పైకే లెక్కపెట్టాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి నాలుగు దాకా ఆగాడు!"