నన్ను పట్టే సెక్షను

అన్యాయం జరిగింది కుట్టుమిషను పిల్లకి సార్, ఈ మంగళవారం పొద్దున. మీ కాగితం చూస్తే నాకు జరిగినట్టుంది. ‘ఫొటోగ్రాఫరు తప్పేమీ లేదు’ అట. ఇదేం విడ్డూరమండీ?

కూర్చోను. నిలబడే చెబుతాను.

నడిరోడ్డు మీద ఫొటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిజమే. ఆ ముక్క నాకు మీరు చెప్పాలా? ఎనిమిదో తరగతితో బడి మానేసి, పాత పుస్తకాల బండి మీద చట్టం పుస్తకం కొని, అక్షరమక్షరం నమిలినదాన్ని. ఆమధ్య నా కెమెరా లాక్కోబోయిన మీ కానిస్టేబుల్ని అడగండి, నా నోటి ధాటి చెబుతాడు.

ఆ పిల్ల ఫొటో బాగా వచ్చింది లెండి. కొట్టు షట్టరు సగం ఎత్తి, పంటి కింద దారం పట్టుకుని, దేనికో నవ్వుతోంది. స్టూడియో కిటికీలో పెట్టాను. కింద మామూలుగానే చీటీ: ఏ వీధి, ఏ వేళ. ఫొటోలో ఉన్నవాళ్లు చూసుకుని కాపీ కోసం వస్తారని మా నాన్న నాటి నుంచీ వేస్తున్న ఎర అది.

ఎరకి ఆమె మొగుడొచ్చాడు. మూడేళ్లుగా వాడి కంటపడకుండా బతుకుతోంది ఆ పిల్ల. చీటీ చదువుకుని సరాసరి ఆ వీధికి, సరిగ్గా ఆ వేళకే వెళ్లాడు. కుడిచెయ్యి రెండు చోట్ల విరిచాడు. కుట్టుపని వాళ్లకి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది?

వాణ్ని లోపలేశారు, సంతోషం. నా ముందుకేమో పెన్ను తోస్తున్నారు, సంతకం పెట్టి ఇంటికి పొమ్మని.

ఈ మూడో వాక్యం చూశారూ? ‘సదరు మహిళ భయంలో ఉన్న సంగతి ఫొటోగ్రాఫరుకు తెలియదు.’ మీకెవరు చెప్పారది? నేనే. నిన్న. అబద్ధం చెప్పాను.

ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది సార్. ‘అక్కా, అది తీసెయ్యవా, ఆయన చూస్తే నన్ను బతకనివ్వడు’ అంది. నేనేం చేశాను? పాఠం చెప్పాను. వీధిలో నిన్ను ఎవరైనా చూడొచ్చు, చూసేది ఎవరైనా తీయొచ్చు, ఆపే హక్కు నీకు లేదు అని. ‘అవునా అక్కా, నాకు తెలీదు’ అని, విసిగించినందుకు నాకే క్షమాపణ చెప్పి వెళ్లింది.

దీనికి సెక్షను లేదంటారు. తెలుసు. మూడు రోజులుగా ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా వెతికాను, నన్ను పట్టేది ఒక్కటీ లేదు. ఎటు తిరిగినా నిర్దోషినే. ఇక ఎటు పొమ్మంటారు నన్ను?

ఆ వాక్యం కొట్టేయండి. పైన రాయండి, ‘తెలుసు’ అని. ఎప్పట్నుంచంటే, అదీ రాసుకోండి: మే పంతొమ్మిది, సోమవారం.