రంపానికి గ్లాసు నూనె

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. చదువు అయిదో తరగతితో ఆగింది. ‘నేను’ అని రాయడానికి సిగ్గేస్తోంది కాబట్టి ‘ఆమె’ అని రాస్తాను. తప్పులుంటే మన్నించండి.

ఆమె మొగుడు చెట్లు కొట్టే పని చేస్తాడు. కొన్నాళ్ళుగా ఆయన మోటారు రంపానికి జోరు తగ్గింది. తాడు లాగితే లేస్తుంది, గుర్రుమంటుంది, మానులో నాలుగు వేళ్ళ లోతు దిగేసరికి ఆయాసపడి ఆగిపోతుంది. తెల్లారితే ఆసుపత్రి గోడ మీదికి ఒరిగిన పెద్ద చెట్టు తీయాలి. సగం కోతలో రంపం ఆగితే ఆ చెట్టు ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కింద ఉండేది ఆయనే.

అందుకని ఆ సాయంత్రం బావగారిని, అంటే ఆయన అన్నగారిని, పిలిపించారు. బావగారికి స్కూటర్లు బాగుచేసే షాపుంది. రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడే గాని స్క్రూ ఒక్కటీ విప్పలేదు. పక్కింటి వడ్రంగి, ఎదురింటి బస్సు డ్రైవరు వచ్చి చేరారు. వినేవాళ్ళు దొరికితే బావగారి నోటికి పట్టపగ్గాలుండవు.

“నూనె చాలక నీరసంరా తమ్ముడూ, ఇంకేం లేదు. లీటరు పెట్రోల్లో గ్లాసు ఇంజను నూనె కలపమని నాలుగు నెలల కిందటే చెప్పానా? రేపట్నుంచి రెండు గ్లాసులు పొయ్యి. నేను కర్రల డిపోలో ఉన్నప్పుడు ఇలాంటిదే ఒకటి, మూలుగుతూ ముక్కుతూ, ఆరుగురు మెకానిక్కులు చేతులెత్తేశారు, నేను చెవి ఆనించి విన్నాను, గ్లాసు నూనె తాగించాను, అంతే, దుంగ రెండు ముక్కలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది మేస్త్రీ?” అన్నాడు వడ్రంగి.

“ఇంకో గ్లాసు పోశా. పోశానో లేదో, దుంగ కింద బల్ల, బల్ల కింద గచ్చు, ఆ పక్క గోడ, గోడవతల పోతున్న లారీ, అన్నిటినీ కోసుకుంటూ పోయింది, నేను దాని పిడి పట్టుకుని వెనకాల జెండాలా ఊగుతున్నా!”

“లారీలో డ్రైవరున్నాడా?” బస్సు డ్రైవరు కంగారుపడ్డాడు.

“లేకేం? ఎంత నున్నగా కోసిందంటే వాడికి తెలియనే లేదు, ముందు సగంతోనే ఊరు చేరి, సరుకేదీ అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆగవయ్యా, అసలు సంగతి చెప్పనీ. ఈసారి సీసా మొత్తం వంచేశా. రంపం కొండ మీదికి పాకింది. కొండని నిలువునా చీల్చేసరికి ఇవతలి ఎండ అవతలికి పోయి, అక్కడి కోళ్ళు సాయంత్రం లేచి కూశాయి! పైన మబ్బు అడ్డమొస్తే దాన్నీ కోసింది. సగం కురిసింది, సగం ఆరేసిన దుప్పటిలా అక్కడే వేలాడింది. పెట్రోలు అయిపోయినా మూడు రోజులు వట్టి నూనె బలంతో నడిచిందిరా!”

“మరెలా ఆపావు?” అన్నాడు వడ్రంగి.

“ఇక చాలమ్మా అన్నాను. సిగ్గుపడి ఆగింది.”

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా ఆమె మొగుడు నవ్వాడు. అన్నయ్య నోటి మాటకి ఆయన దగ్గర తిరుగులేదు.

ఆమె టీ గ్లాసుల పళ్ళెంతో గడప దగ్గర నిలబడి ఉంది. రెండు గ్లాసుల నూనె అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. కాపురానికొచ్చిన ఇరవై ఏళ్ళలో ‘భోజనానికి లేవండి’ తప్ప బావగారితో ఇంకో మాట మాట్లాడి ఎరగదు.

“బావగారూ,” అంది. “మీరు చెప్పిన గ్లాసే పోస్తున్నాం. పోస్తున్నకొద్దీ పొగ పెరిగింది, జోరు తగ్గింది. రంపంతో వచ్చిన కాగితం కూడబలుక్కుని చదివాను. లీటరుకి ఇరవై మిల్లీలీటర్లే పొయ్యాలట. ఎక్కువైతే పొగగొట్టంలో జల్లెడకి మసి పట్టి ఊపిరాడదట. ఒక్కసారి గొట్టం విప్పి చూడండి. నూనెతో మబ్బే తెగింది కదా, మా ఇంట్లో మానెందుకు తెగట్లేదు?”

వడ్రంగి ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు.

బావగారు రంపాన్ని కింద పెట్టాడు. “కాగితాలు చదివి ఆడవాళ్ళే మెకానిక్కులైతే ఇక నేనెందుకురా తమ్ముడూ?” చెప్పులేసుకుని, టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరూ లేచారు.

“నలుగురిలో మా అన్న పరువు తీశావు,” అన్నాడు మొగుడు. “ఆయన కన్నా ఆ కాగితం ఎక్కువా నీకు?”

మీ ప్రాణం ఎక్కువ అందామనుకుంది. చల్లారిన టీ పళ్ళెం లోపలికి పట్టుకెళ్ళింది. ఆయన అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆయన లేవకముందే ఆమె రంపాన్ని పెరట్లో పెట్టుకుని పొగగొట్టం విప్పింది. గోరంత జల్లెడ, కన్నాలన్నీ తారు పోసినట్టు పూడిపోయి ఉన్నాయి. పెట్రోల్లో ముంచి పాత పళ్ళ బ్రష్షుతో తోమింది. వెలుతురుకి పట్టుకుని ఒక్కో కన్నమూ చూసుకుని బిగించింది. పాత పెట్రోలు వంపేసి, కొత్త లీటరులో పది మిల్లీలీటర్లు పట్టే దగ్గుమందు కొలత మూతతో రెండు మూతల నూనె కలిపింది.

ఆయన వచ్చి తాడు లాగాడు. ఒక్క ఊపున లేచింది. అక్కడున్న దుంగ మీద ఆనిస్తే, ఎక్కడా ఆగకుండా కిందికంటా దిగింది.

“చూశావా, అన్నయ్య చెయ్యి పడితే చాలు,” అన్నాడు ఆమె వైపు చూడకుండా. “రెండు గ్లాసులూ పోశావా?”

“పోశాను,” అంది.