మర్ఫీ తిన్న కప్ప

హలో… ఆ, నేనే. ఇంకెవరుంటారు హేమచంద్ బావా ఈ వేళప్పుడు? అమ్మాయి సుధేష్ణ ఆఫీసుకి పోయింది. ఇంట్లో నేనూ, మనవరాలి పామూ.

…నడకా? ఇవాళ రాను. …మోకాలు కాదు. కాళ్ళు బాగానే ఉన్నాయి.

…మర్ఫీ సంగతా? ఏముంది, పాత పలుపుతాడులా చుట్ట చుట్టుకుని పడుంది. ఎలుకను పెడితే మొహం తిప్పేస్తోంది. బలవంతాన తిన్నా కక్కేస్తోంది.

…ఆ, నులిపురుగుల మందు పోశాంగా. బరువు తూచి, సూదిలేని సిరంజితో నోట్లోకి. నేను తల పట్టుకుంటే సుధేష్ణ కళ్ళు మూసుకుని పోసింది. డాక్టరమ్మ 'గ్రాండ్, గ్రాండ్' అంది. మళ్ళీ రెట్ట పరీక్ష చేస్తే పురుగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. 'ఇది వేరే రకమేమో, బయటిదేం తిందో తెలిస్తే మందు మారుస్తాను' అంటోంది.

…ఆగు బావా. పొద్దున మంగతాయారు చెల్లెమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. …నీకు తెలీదా?

—లడ్డూలు తెచ్చింది. మీ విజయరాణికి నెల తప్పిందట. ఇన్నేళ్ళకి! నిజంగా సంతోషం బావా, అందులో వంక లేదు.

…లడ్డూ బాగానే ఉంది. చెల్లెమ్మ అన్న మాటే మింగుడు పడలేదు.

…ఏ మాటా? 'అన్నయ్యగారూ, నాగులచవితినాడు మీ మర్ఫీకి పెట్టిన కప్ప చలవే' అంది.

హలో? …బావా? …ఉన్నావా?

—లైను బాగానే ఉంది. మాట తప్పించకు.

ఈ దేశంలో పుట్ట లేదు, పాము లేదు, ఎవరో సాధువు అన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడట, ఈ బాలింకాలిగ్ ఊరు మొత్తానికి పామంటే మీ ఇంట్లోనే ఉంది, మంగతాయారు పూజ చేసుకుంటుంది అని నువ్వేగా అడిగావు? పసుపూ కుంకుమా మర్ఫీ ఉండే అద్దాలపెట్టె బయటే, లోపలికి పాలచుక్క కూడా వద్దని చెప్పానా లేదా?

…చెప్పాను. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి పోతే—

…ఎక్కడిదీ? …మీ పెరటి నీటిగుంటలోదా? …జేబులోనా! చొక్కా జేబులో కప్పను పెట్టుకుని, నా సోఫాలో కూర్చుని, 'పంచదార కాస్త ఎక్కువెయ్యి బావా' అన్నావా!

…నాకు నవ్వు రావడం లేదు. ఇంకెవరింట్లోనైనా జరిగుంటే వచ్చేదే.

…ఏంటీ? నేను చెప్పానా? …పార్కులో, బెంచీ మీద… కుమ్మరి సూరమ్మ నాగుపాముకు చేత్తో కప్పను పెడితే కవలలు పుట్టారని…

…అది కథయ్యా! చీకట్లో త్రాచును తాడనుకుని ఎద్దును కట్టేశాను, తెల్లారేదాకా ఎద్దు కిక్కురుమనలేదు అని కూడా చెప్పాను. అదీ నమ్మావా? అన్నిటికీ పకపకా నవ్వేవాడివి, ఈ ఒక్కదాన్నీ మూటగట్టి ఇంటికి మోసుకెళ్ళావా?

…సరే. పిల్లకోసం చేశారు. అడిగితే వద్దంటానని అడగలేదు. అదీ అర్థమైంది. దానికి కోప్పడను.

డాక్టరమ్మ దగ్గర ఏం చేశావు, అది చెప్పు. కారులో తీసుకెళ్ళింది నువ్వే. నా పక్క కుర్చీలో కూర్చున్నదీ నువ్వే. 'బయటిదేమైనా పెట్టారా?' అని ఆవిడ అడిగితే, 'ఫ్రీజరు ఎలుక తప్ప ఏదీ ఎరగదమ్మా' అని నెత్తిన చెయ్యి పెట్టుకుని చెప్పాను. సుధేష్ణ నా మొహంలోకి చూసి, 'నాన్నా, ఇప్పుడైనా నిజం చెప్పు' అంది. కన్నకూతురు బావా, పరాయివాళ్ళ ముందు! అప్పుడు నువ్వు గోడమీద కుక్కల బొమ్మలు చూస్తున్నావు.

…గార్డులా? కప్పను పట్టడం ఇక్కడ నేరమని పోలీసులు వచ్చి పట్టుకుపోతారనా? …పోనీ, ఆ పూట భయపడ్డావు. ఆ తర్వాత? రోజూ కలిసే నడిచాంగా. సాహితి కార్లో ఊళ్ళో కాలేజీ నుంచి ఫోన్ చేసి, 'తాతయ్యా, యూ మేక్ అప్ స్టోరీస్ అబౌట్ ఎవ్రీథింగ్' అని ఏడ్చిందని నీకే చెప్పుకున్నాను. శనివారం వచ్చి మర్ఫీని తీసుకుపోతానంది, ఇక ఏదీ నాకు అప్పజెప్పదట అని నీకే చెప్పుకున్నాను. నువ్వు నా భుజం తట్టావు. తట్టి, 'పిల్లలంతే బావా' అన్నావు!

…ఊఁ.

…ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. సాహితికి ఫోన్ చెయ్యి. డాక్టరమ్మకి చెప్పు. మందు మారుతుంది, పాము బతుకుతుంది.

…నేను చెప్తే ఏమా? నువ్వే ఆలోచించు. పెద్దమనిషొకడు జేబులో కప్పను తెచ్చాడు, పాముకు పెట్టాడు, ఆయన కూతురికి నెల తప్పింది. నా నోట్లోంచి వస్తే ఈ మాట ఎవరు నమ్ముతారయ్యా? నా కథల్లోనే ఇంత పెద్దది లేదు!

…అల్లుడికి తెలిస్తే నవ్విపోతాడా. …వియ్యాలవారి ముందు చెల్లెమ్మ తలెత్తుకోలేదా. …ఊఁ, ఊఁ. నా తల సంగతి?

…ఏమన్నావు? …నేనే పెట్టానని చెప్పమంటావా?

—'నీకు అలవాటేగా'నా?

…

…వింటున్నాను.

…సరే, చెప్తాను. పొద్దువాలే లోపలే డాక్టరమ్మకి ఫోన్ చేసి, కప్పను నేనే పెట్టానమ్మా అంటాను. నోరులేని జీవం చావకూడదుగా. ఇది నిజమేనా అని మాత్రం ఎవరూ మళ్ళీ అడగరు. సాహితి కూడా చటుక్కున నమ్మేస్తుంది.

…థాంక్సు దేనికి? వద్దు.

ఉంటానండీ, హేమచంద్ గారూ.

…అవునండి, 'గారూ' అనే అన్నాను. లడ్డూల డబ్బా మా గుమ్మం బయట పెడతాను, నడకకు పోతూ తీసుకెళ్ళండి. …ఒకటి తిన్నాను, మీ మాట వినకముందు. …విజయరాణికి నా ఆశీస్సులు చెప్పండి. పిల్ల సుఖంగా కనాలి.

…ఆ 'బావా' పిలుపు వద్దండి.

…వద్దన్నానుగా. పెట్టేస్తున్నాను.